యాన్ యోహాన్సన్ పల్లెపాటల జాజ్: ఎలా వినాలంటే

జాజ్ తలకెక్కదనే మా చెల్లెలికి నేను మొదట వినిపించింది 'జాజ్ పో స్వెన్‌స్కా'. 'స్వీడిష్ భాషలో జాజ్' అని ఆ పేరుకు అర్థం. 1964 నాటి ఆల్బమ్. పియానో మీద యాన్ యోహాన్సన్, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాయిద్యం) మీద గెయోర్గ్ రీడెల్, అంతే. డ్రమ్స్ లేవు. 12 బాణీలూ స్వీడన్ పల్లెలవే. అక్కడి జానపద బాణీలను ఊరూరా సేకరించి 'స్వెన్‌స్కా లోతర్' అనే సంపుటాలుగా అచ్చువేశారు. యోహాన్సన్ వెతుక్కున్నది వాటిలోనే.

ఆల్బమంతా ఒకే ఊపులో వినకండి. 'వీసా ఫ్రోన్ ఊతన్‌మీరా' ఒక్కటే మూడుసార్లు వినండి. స్వీడిష్‌లో వీసా అంటే పాట. ఊతన్‌మీరా అంటే దాలార్నా ప్రాంతంలో, సిల్యాన్ సరస్సులోని ఒక దీవి మీదున్న పల్లె.

మొదటిసారి బాణీ మీదే చెవి పెట్టండి. యోహాన్సన్ హంగులేవీ లేకుండా, గొంతుతో పాడినంత తేటగా వాయిస్తాడు. ఆపి, కూనిరాగం తీయండి. రాకపోతే మళ్లీ మొదటికి. ఈ పని మాత్రం ఎగ్గొట్టొద్దు. తర్వాత ఆయన బాణీ వదిలి సొంతంగా అల్లుకుంటూ పోతాడు. అసలు బాణీ మీ లోపల నడుస్తుంటేనే ఎక్కడ పక్కకు తప్పుకున్నాడో, ఎక్కడ వచ్చి కలిశాడో పట్టుకోగలరు. మన కచేరీలో నెరవల్ (పాటలో ఒకే పాదాన్ని రకరకాలుగా అల్లి పాడటం) కూడా సాహిత్యం నోటికొచ్చినవాళ్లకే కదా ఎక్కువ రుచి!

రెండోసారి బేస్ కోసం. ఫోన్ స్పీకర్ పనికిరాదు. నేను ఏడాదిపాటు అలాగే విని, రీడెల్ ఊరికే శ్రుతి పట్టుకుని కూర్చున్నాడనుకున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న రోజు వేలు తీగను లాగి వదిలే చిన్న చప్పుడు, ఆ వెంటనే కొయ్య లోపలి నుంచి లేచే మోత చెవిన పడ్డాయి. పియానో ఆగినచోట బేస్ జవాబు చెబుతోంది!

మూడోసారి ఏమీ వెతక్కుండా వినండి.

తర్వాత 'పోల్స్కా ఫ్రోన్ మేదెల్‌పాద్'. పోల్స్కా మూడు దెబ్బల లెక్కన నడిచే నాట్యం. తొడ మీద తాళం వేసుకుంటూ వినండి. ఇది నచ్చితే 1967లో చేసిన 'జాజ్ పో రిస్కా' ఉంది, రష్యన్ పాటలతో. ఆ మరుసటి ఏడాదే కారు ప్రమాదంలో పోయాడు, 37 ఏళ్లకే. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మొదటి ఆల్బమ్‌లోని 'ఎమిగ్రాంట్‌వీసా' రాత్రికి ఉంచుకోండి. వలస పోయినవాళ్ల పాట. 19వ శతాబ్దంలో లక్షలమంది స్వీడన్ వదిలి అమెరికా ఓడెక్కారు. మా నాన్న పన్నెండేళ్లు మస్కట్‌లో ఉన్నాడు. ఈ పాట పక్కన కూర్చోబెట్టి వినిపిస్తే, ఏమీ అడక్కుండా మళ్లీ పెట్టమన్నాడు. ఇది అయ్యాక ఇంకో పాట మొదలవకూడదు. ఆటోప్లే ముందే ఆపేసుకోండి.