మూలన పడ్డ రేంజర్ సైకిల్‌ని మళ్లీ మొరం బాట ఎక్కించడం

లావు టైర్లు, తిన్నటి హ్యాండిల్, మందపాటి స్టీలు ఫ్రేము. తొంభైల్లో టెన్త్ పాసైన పిల్లలు ఇంట్లో అడిగి, అలిగి, కొనిపించుకున్న హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిళ్లు హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మెట్ల కిందనో, మిద్దె మీదనో, మడ్‌గార్డు లేకుండా, సీటు చినిగి. అమ్మబోతే పాత ఇనుము ధరే వస్తుంది. బాగు చేస్తే మాత్రం ఇంకా చాలా ఏండ్లు నడిచే బండ్లివి. వీటిలో ఉన్నదంతా మరలు, బేరింగ్ గుండ్లు, తీగలు. విప్పలేని డబ్బా ఒక్కటీ లేదు.

చాలామంది మొదట రంగు వేయిస్తారు. డబ్బు అక్కడే పోతుంది. ముందు ఫ్రేము చూడాలి, తర్వాత గుండ్లు, ఆ తర్వాత చక్రాలు, బ్రేకులు, చివరికి గేర్లు. రంగు సంగతి అన్నీ అయ్యాక ఆలోచించొచ్చు. అసలు స్టిక్కర్లు కాస్తయినా మిగిలి ఉంటే రంగు జోలికి పోకపోవడమే మేలు. పౌడర్ కోటింగ్ భట్టీలో వేడి 180 డిగ్రీలు దాటుతుంది, పాత స్టిక్కరు మిగలదు. పైగా మరల్లోకి రంగు దిగితే గుండ్లు కూర్చునే కప్పులు ఎక్కవు. షాంపూ నీళ్లతో కడిగి, తుప్పు పట్టిన క్రోము భాగాలను నీళ్లలో తడిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్దితే సగం మెరుపు తిరిగొస్తుంది.

ఫ్రేము: పది నిమిషాల పరీక్ష

హ్యాండిల్ గొట్టం కింద, లావు గొట్టం అతుక్కునే చోట వేలితో తడిమి చూడండి. రంగు అడ్డంగా పగిలినా, ముడత తగిలినా ఆ బండి ఒకసారి ముందునుంచి గుద్దుకుందని అర్థం. ముడత ఉంటే మిగతా ఖర్చు దండుగ, విడిభాగాలకు ఉంచుకోండి.

తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం తీసేసి, ఒక దారాన్ని వెనక ఇరుసు కూర్చునే గాడి దగ్గర కట్టి, ముందుకు లాగి హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క గాడికి బిగించి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఖాళీని రెండు పక్కలా స్కేలుతో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే సరే. అంతకన్నా ఎక్కువుంటే ఫ్రేము ఒక పక్కకు వంగింది, గేర్లు ఎంత సర్దినా నిలవవు.

సీటు గొట్టం తుప్పుతో పట్టేసి ఉంటుంది, ఇది దాదాపు ప్రతి పాత బండిలో ఉండేదే. సుత్తితో కొట్టకండి. తుప్పు వదిలించే స్ప్రే చుట్టూ కొట్టి, రాత్రంతా వదిలి, పొద్దున సీటు తీసేసి గొట్టం పైభాగాన్ని వైస్‌లో బిగించి, ఫ్రేమునే పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. బయటికొచ్చాక లోపల పోగైన తుప్పు పొడి దులిపి, గ్రీజు రాసి పెట్టండి. కొత్త గొట్టం కావాలంటే పాతదాన్ని షాపుకు పట్టుకుపోండి. కంటికి ఒకేలా కనిపించే గొట్టాల్లో మిల్లీమీటరు లోపు తేడాలుంటాయి.

గుండ్లు, గ్రీజు

అసలు పని ఇక్కడే ఉంది. షాపులో ఓవరాయిలింగ్‌కు ఇస్తే చాలాచోట్ల పాత గ్రీజు మీదే కొత్తది పూసి పంపిస్తారు. లోపల ఉన్న ఇసుక అలాగే ఉంటుంది, నాలుగు వారాల్లో కోను (ఇరుసు మీద గుండ్లను ఆనించి పట్టే నట్టు) గరగరలాడుతుంది. ఇంట్లో చేసుకుంటే కావాల్సినవి అర లీటరు కిరోసిన్ లేదా డీజిల్, పాత టూత్ బ్రష్షు, ఆటోమొబైల్ షాపులో దొరికే లిథియం గ్రీజు 100 గ్రాములు, పల్చటి కోన్ పానాలు. ముందు చక్రానికి 13, వెనకదానికి 15 మిల్లీమీటర్ల పానా సాధారణంగా సరిపోతుంది. విప్పేటప్పుడు కింద తెల్ల బట్ట పరవండి. గుండ్లు దొర్లి మంచం కిందికి పోతే దొరకవు.

లెక్క ఇది. ముందు హబ్బులో, అంటే చక్రం నడిమి దిమ్మలో, పక్కకు 10 గుండ్లు, సైజు 3/16 అంగుళం. వెనక హబ్బులో పక్కకు 9, సైజు 1/4. పెడళ్లు తిరిగే ఇరుసు దగ్గర, గుండ్లను పట్టి ఉంచే జాలీ లేకపోతే పక్కకు 11, అవీ 1/4. హ్యాండిల్ దగ్గర సైజు బండిని బట్టి మారుతుంది, విప్పినప్పుడే లెక్కపెట్టి ఒక గుండు జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి. కప్పు నిండా కిక్కిరిసి కూర్చుంటే ఒకటి ఎక్కువైందని గుర్తు, ఒక గుండు పట్టీపట్టనంత ఖాళీ మిగలాలి.

నాలుగు గుండ్లు అరిగాయని ఆ నాలుగే మార్చొద్దు. కొత్తవి వెంట్రుకంత పెద్దగా ఉంటాయి, బరువంతా వాటి మీదే పడి కోనును తొలుస్తాయి. ఒక హబ్బుకు మొత్తం ఒకే పొట్లంలోంచి వేయాలి. కోను మీద గుండు పరిగెత్తే చారను బాల్‌పెన్ను మొనతో గీరండి. మొన ఎక్కడైనా తట్టుకుంటే గుంత పడ్డట్టే, కోను మార్చాల్సిందే. కప్పులో గుంత పడితే హబ్బే మార్చాలి.

బిగింపులో తొందర పనికిరాదు. కోనును వేళ్లతో తగిలే దాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదిలి, పైనున్న లాక్‌నట్ బిగించండి. చక్రం పట్టుకుని పక్కలకు ఊపితే ఊగులాట ఉండకూడదు. ఇరుసును వేళ్లతో తిప్పితే గరగర తగలకూడదు. రెండూ కుదిరే దాకా మూడు నాలుగు సార్లు విప్పి బిగించడం మామూలే.

మరల దిశ తెలియక పాడుచేసిన బండ్లు బోలెడు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది. పెడళ్ల ఇరుసుకు చైను వైపు ఉండే కప్పు కూడా అంతే. రెండు క్రాంకులూ (పెడళ్లు తగిలించే చేతులు) ఒకే కడ్డీగా వంచిన రకమైతే, చైను లేని పక్క లాక్‌నట్‌కు తిరగేసిన మర ఉంటుంది. ఎంత బలం పెట్టినా కదలడం లేదంటే పానాకు గొట్టం తగిలించే ముందు దిశ మరోసారి చూసుకోండి.

క్రాంకును కాటర్ పిన్నుతో (అడ్డంగా దూర్చే ఇనుప మేకుతో) బిగించిన బండ్లకు ఇంకో జాగ్రత్త. నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా వదిలేయండి, లేకపోతే సుత్తి దెబ్బకు మర పువ్వులా విచ్చుకుంటుంది. క్రాంకు కింద ఇనుప గొట్టం ముక్క నిలబెట్టి ఆనించి, ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయాలి. చిన్న చిన్న దెబ్బలు పిన్నును నలిపేస్తాయి తప్ప బయటికి తేవు. కొత్త పిన్నులు 9.5 మిల్లీమీటర్లవి, రెండూ ఎదురెదురు దిశల్లో ఎక్కించాలి. 20, 30 కిలోమీటర్లు తొక్కాక నట్లు మళ్లీ బిగించండి. చేయకపోతే ప్రతి చుట్టుకీ టక్ టక్ మొదలవుతుంది. ఆ చప్పుడుతోనే తొక్కుతూ పోతే ఇరుసు గాడి అరుగుతుంది.

క్రాంకు మధ్యలో బోల్టు ఉండే చదరపు ఇరుసు రకానికి క్రాంకును లాగే పనిముట్టు, పుల్లర్ కావాలి. ముందు బోల్టు, దాని వాషరు రెండూ బయటికి తీశారో లేదో టార్చి వేసి చూడండి. వాషరు లోపలే ఉండగా పుల్లర్ తిప్పితే క్రాంకు మర మొత్తం రాలిపోతుంది.

చక్రాలు, ముండ్లు

1976లో అమెరికాలోని మారిన్ కౌంటీ కొండల్లో పందేలకు దిగిన కుర్రాళ్లు తొక్కింది అంతకు ముందు తరం లావు టైర్ల సైకిళ్లు. ఆ 26 అంగుళాల చక్రమే 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ తెచ్చిన స్టంప్‌జంపర్‌కు వచ్చింది, అదే మన గేర్ సైకిళ్లకూ దిగింది. టైరు కూర్చునే చోట దాని అడ్డుకొలత 559 మిల్లీమీటర్లు. చిక్కేమిటంటే మామూలు సైకిళ్లలోనూ 26 ఉంది, కానీ 26×1⅜ అని రాసే దాని కొలత 590. 26×1.95, 26×2.10 లాగా చుక్క ఉంటే మనది. భిన్నం రాసి ఉంటే మనది కాదు. ట్యూబు అడిగేటప్పుడు కూడా నోటితో ‘ఇరవయ్యారు’ అని వదిలేయకుండా పాత టైరు పక్క రాత ఫోటో తీసి చూపించండి.

పక్క గోడలు పగుళ్లిచ్చిన టైరు మీద గీతలు ఎంత నిండుగా ఉన్నా తీసేయాల్సిందే. మే ఎండలో ట్యూబు పగిలితే అందరూ గాలి మీద నెపం వేస్తారు. పొద్దున 25 డిగ్రీల్లో 50 పీఎస్ఐ గాలి కొట్టిన టైరు 60 డిగ్రీల దాకా కాగినా 58 దాటదు. పగిలేది ముసలి పక్కగోడ, లేదా సరిగా అతకని పాత ప్యాచ్. డెబ్బై కిలోల మనిషికి 26×1.95 టైరులో తారు రోడ్డు మీద 50, మొరం మీద ముందు 35, వెనక 40 బాగుంటుంది.

ఇక మన దగ్గర అసలు శత్రువు ముండ్లు. చెలకల గట్ల మీద పల్లేరుగాయలు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ. పంక్చర్ అయితే ట్యూబు అతికి ఊరుకోకూడదు. టైరు లోపలి వైపు పాత బట్ట పట్టుకుని మెల్లగా చుట్టూ జరపండి, ముల్లు మొన బట్టకు తగులుకుంటుంది. చేత్తో తడిమితే వేలికి గుచ్చుకుంటుంది. రిమ్ము లోపల స్పోకు చివర్లు కప్పే పట్టీ పాతబడి ఉంటే అదీ మార్చండి, ట్యూబు లోపలి వైపు రంధ్రాలన్నీ దానివల్లే. కారు వాల్వు ఉన్న ట్యూబయితే దాని పిన్ను విప్పి 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంట్ పోస్తే పల్లేరు ముండ్ల బాధ చాలా మటుకు తీరుతుంది. రబ్బరు గొట్టం వాల్వుకు ఈ వైద్యం పనికిరాదు.

క్రోము స్టీలు రిమ్ములు మెరుస్తాయి గానీ వానలో బ్రేకు పట్టవు. వానాకాలం తొక్కేవాళ్లు ఒక్క ముందు రిమ్మయినా 36 రంధ్రాల అల్యూమినియంకు మార్చుకోవడం మంచిది. పాత రిమ్మును డబ్బాలో దాచుకోండి.

బ్రేకులు, గేర్లు

బ్రేకు తీగ బయటి గొట్టం, గేరు తీగ బయటి గొట్టం వేర్వేరు. బ్రేకుది చుట్టలు తిరిగిన తీగ, గేరుది నిలువు తీగల కట్ట. గేరు గొట్టం బ్రేకుకు వాడితే గట్టిగా పట్టిన రోజు చీలిపోతుంది. లోపలి తీగ బ్రేకుకు 1.5 లేదా 1.6, గేరుకు 1.2 మిల్లీమీటర్లు.

1996లో షిమానో వి-బ్రేకు రాకముందు బండ్ల మీద ఉన్నవి ఎక్కువగా క్యాంటిలీవర్ రకం బ్రేకులు. వాటి లీవరు తీగను తక్కువ లాగుతుంది. పాత లీవరు ఉంచి కింద వి-బ్రేకులు బిగిస్తే లీవరు హ్యాండిల్‌కు తగిలిపోతుంది, చక్రం మాత్రం ఆగదు. మార్చితే రెండూ మార్చాలి. బ్రేకు కట్ట రిమ్ముకు 1 నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో, ముందు మొన కాస్త ముందే తగిలేలా పెట్టండి. కట్ట వెనక చివర విజిటింగ్ కార్డు ముక్క మడిచి పెట్టి బిగిస్తే కీచు శబ్దం రాదు.

గేరు సర్దే ముందు చైను కొలవండి. పూర్తి జతలు (ఒక లోపలి లంకె, ఒక బయటి లంకె) 12 కలిపి 12 అంగుళాలు ఉండాలి. 1/16 అంగుళం సాగితే చైను మార్చాలి, 1/8 సాగితే ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) కూడా అరిగే ఉంటుంది. అరిగిన ఫ్రీవీల్ మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. వెనక ఆరో ఏడో పళ్ల చక్రాలున్న బండ్లకు 3/32 చైను. మామూలు సైకిల్‌కు వేసే 1/8 చైను పళ్ల చక్రాల మధ్య ఇరుక్కుంటుంది.

చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డీరెయిలర్ మీద రెండు స్క్రూలుంటాయి, హెచ్, ఎల్. తీగ వదులు చేసి, చైను అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీద ఉండగా హెచ్ స్క్రూతో డీరెయిలర్ పై రోలర్‌ను ఆ చక్రానికి నిట్టనిలువుగా తెండి. తర్వాత చేత్తో డీరెయిలర్‌ను లోపలికి నెట్టి, పెద్ద చక్రం దగ్గర అది ఆగిపోయేలా ఎల్ స్క్రూ సర్దండి. ఎల్ వదులుంటే చైను స్పోకుల్లో పడుతుంది, బండి చక్రం మొత్తం పోతుంది. ఆ తర్వాతే తీగ బిగించి, లీవరు ఒక మెట్టు నొక్కండి. చైను ఎక్కకపోతే తీగ సర్దే గుండీని అర చుట్టు విప్పండి, రెండు మెట్లు దాటితే అర చుట్టు బిగించండి. మెట్లు లేకుండా జారే పాత బొటనవేలి లీవరు మీ బండికి ఉంటే దాన్ని పారేయనివ్వకండి. డీరెయిలర్ వంగినా, తీగ సాగినా దాంతో ఇంటికి రావచ్చు.

వెనక స్ప్రింగు ఉన్న బండ్ల మీద పెద్ద ఖర్చు పెట్టొద్దు. ఊగే చోట నైలాన్ బుష్ అరిగితే లేత్ వర్క్స్‌లో కొత్తది చేయించండి, అంతే చాలు. స్ప్రింగు తొక్కే బలాన్ని తినడం ఆపదు.

మొదటి ప్రయాణం

కాజీపేట దాటి ధర్మసాగర్ మీదుగా దేవునూరు ఇనుపరాతి గుట్టల వైపు వెళ్లే దారిలో తారు, మొరం రెండూ దొరుకుతాయి, పరీక్షకు అది చాలు. 15 పానా, 6 ఎంఎం ఎలెన్ కీ, ట్యూబు, పంపు వెంట ఉంచుకోండి. మధ్యలో ఆగి ఇరుసు నట్లు, క్రాంకు, హ్యాండిల్ బిగింపు ఒకసారి చూడండి. చక్రం ఎత్తి తిప్పితే గరగర తగిలిందంటే కోను ఎక్కువ బిగిసి ఉండొచ్చు.

వాన పడ్డాక నల్లరేగడి బాటల్లోకి దిగొద్దు. ఆ మట్టి టైరుకూ ఫ్రేముకూ మధ్య గట్టిగా ఇరుక్కుని చక్రాన్ని ఆపేస్తుంది. బలవంతంగా తొక్కితే డీరెయిలర్ విరుగుతుంది. దిగి, కట్టెపుల్లతో గీకి, మోసుకుని గట్టెక్కాలి. ఇంటికొచ్చాక మోటారు బండ్ల సర్వీసింగ్ షాపు ప్రెషర్ నీళ్లతో మాత్రం కడిగించకండి. ఆ నీళ్లు కోన్ల సందుల్లోంచి దూరి కొత్త గ్రీజును కడిగేస్తాయి. బకెట్టు నీళ్లు, బ్రష్షు, తుడిచాక చైను మీద జతకో చుక్క నూనె, పది నిమిషాలాగి పొడిబట్టతో పైనూనె తుడిచేయాలి. తుడవకపోతే మొరం దుమ్మంతా చైనుకే అంటుకుంటుంది.