అద్దె ఇంటి లెక్కలు – 3వ పాఠం: ఈఎమ్ఐని ఎక్కడ రాయాలి?

ఈ పాఠంలో పన్ను గురించి చెబుతానన్నాను. అది వచ్చేసారికి వాయిదా. పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చాలావరకు ఒకేచోట తప్పాయి. ఆ చిక్కు విప్పకుండా పన్నులోకి దిగితే రెండూ చెడతాయి.

లెక్క ఇదీ: హైదరాబాద్‌లో పాత డబుల్ బెడ్రూం ఫ్లాటు, ధర 60 లక్షలు. అద్దె నెలకు 20,000. మెయింటెనెన్స్ 3,000 అద్దెకున్నవాళ్లే అసోసియేషన్‌కు కడతారు. బ్యాంకు అప్పు 48 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. ఈ ఫ్లాటు ఏడాదికి ఎంత శాతం రాబడి ఇస్తుంది?

ముందు పెట్టుబడి. చాలామంది ఏడాది అద్దె 2,40,000ను 60 లక్షలతో భాగించి 4 శాతం అన్నారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 4,50,000 (ఒప్పంద ధర, ప్రభుత్వ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద). బ్రోకరుకు 60,000, లాయరుకు 15,000, రంగులు, ప్లంబింగు, గీజర్లకు 1,75,000. మొత్తం 67 లక్షలు. కొందరు ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే కోసే పన్ను) 60,000 కూడా దీనికి కలిపారు. అది అదనపు ఖర్చు కాదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకు ఇవ్వాల్సిన సొమ్ములోంచే కోసి ప్రభుత్వానికి కట్టేది. ఇక ఇంత మొత్తం అప్పుకు బ్యాంకు ధరలో 80 శాతం మించి ఇవ్వదు, రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ ధరలో కలపదు. కాబట్టి మీ చేతినుంచి పడేది 12 లక్షలు కాదు, 19 లక్షలు.

ఇప్పుడు ఏడాది రాబడి. 2,40,000లోంచి ఒక నెల ఖాళీకి 20,000 తీసేయండి. అద్దెకున్నవాళ్లు ఎంత స్థిరంగా కనిపించినా నేను పదకొండు నెలలే లెక్కేస్తాను. ఆ ఖాళీ నెల మెయింటెనెన్స్ మీదే: 3,000. కొత్తవాళ్లను తెచ్చినందుకు బ్రోకరుకు 10,000, ఆస్తిపన్ను 7,000, మరమ్మతులకు 20,000. మొత్తం 60,000 పోగా మిగిలేది 1,80,000. దాన్ని 67 లక్షలతో భాగిస్తే 2.69 శాతం. రెండు నెలల అడ్వాన్సును ఆదాయంలో రాసినవాళ్లు దాన్ని కొట్టేయండి. అది తిరిగి ఇవ్వాల్సిన బాకీ.

ఇక అసలు చిక్కు. ఎక్కువమంది ఈ 1,80,000లోంచి ఈఎమ్ఐ కూడా తీసేసి, మిగిలినదాన్ని 67 లక్షలతో భాగించి "మైనస్ 4.77 శాతం" అని రాశారు. ఈ అంకెకు అర్థం లేదు. ఎందుకో చూడండి.

48 లక్షల అప్పుకు ఈఎమ్ఐ సుమారు 41,655, ఏడాదికి దాదాపు 5 లక్షలు. అప్పు లేకుండా కొంటే ఇదే ఫ్లాటు 2.69 శాతం. 30 లక్షల అప్పుతో, మీ పద్ధతిలో, మైనస్ 1.98. 48 లక్షలతో మైనస్ 4.77. అదే 48 లక్షలను పదేళ్లలో తీర్చేస్తే ఈఎమ్ఐ 59,500 దాటుతుంది, అంకె మైనస్ 7.97కి పడుతుంది. గోడలు అవే, అద్దె అదే. అప్పు త్వరగా తీర్చి వడ్డీ మిగుల్చుకునే మనిషికే ఎక్కువ నష్టం చూపిస్తున్న లెక్కను ఎలా నమ్ముతారు?

ఈఎమ్ఐలో రెండు భాగాలున్నాయి. మొదటి నెల 41,655లో వడ్డీ 34,000, అసలు 7,655. అసలు కట్టిన సొమ్ము ఖర్చు కాదు, ఫ్లాటులో మీ వాటా పెరుగుతోంది. మొదటి ఏడాది అలా పెరిగేది సుమారు 95,500. మిగతా 4,04,300 వడ్డీ, అది నిజంగా పోయే డబ్బు.

అందుకే నేను మూడు వేరువేరు కాగితాలు వాడతాను. మొదటిది ఫ్లాటుది: 2.69 శాతం. అందులో అప్పు మాటే ఉండదు. రెండోది జేబుది: 5 లక్షల ఈఎమ్ఐలోంచి 1,80,000 పోగా ఏటా 3,20,000, నెలకు సుమారు 26,650 జీతంలోంచి కట్టగలరా? మూడోది అప్పుది: 1,80,000లోంచి వడ్డీ తీస్తే 2,24,300 లోటు. ఆ లోటు పూడాలంటేనే ఫ్లాటు ధర ఏటా సుమారు 3.74 శాతం పెరగాలి. మీ 19 లక్షలకు 6.5 శాతం ప్రతిఫలం కూడా కావాలంటే 5.8 శాతం. 2.69 సంపాదించే వస్తువుకు 8.5 వడ్డీకి అప్పు తెస్తున్నప్పుడు ఆ తేడాను అద్దె పూడ్చదు. ధర పెరగడమే పూడ్చాలి. ఆ ప్రాంతంలో ధర అంత పెరుగుతుందని నమ్మడానికి మీ దగ్గర కారణం లేకపోతే ఈ అప్పు తీసుకోకండి. అద్దె ఏటా 5 శాతం పెంచుకుంటాం కదా అంటారేమో, 5 శాతం పెంచితే వచ్చేది ఏడాదికి 12,000 మాత్రమే.

అభ్యాసం కొంచెం శ్రమతో కూడుకున్నది. మీకు నచ్చిన ఒక్క అపార్ట్‌మెంటు ఎంచుకోండి. ప్రకటనల్లోని అద్దె రాయకండి, అది అడిగే రేటు. వాచ్‌మన్‌నూ, అక్కడ అద్దెకుంటున్న ముగ్గురినీ అడిగి వాళ్లు నిజంగా కడుతున్నది రాయండి. ఏడాదిలో ఎన్ని ఫ్లాట్లు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాయో, మెయింటెనెన్స్ ఎవరు కడుతున్నారో, ట్యాంకరు నీళ్లకు విడిగా వసూలు చేస్తున్నారో కనుక్కోండి. ఆ అంకెలతో మూడు కాగితాలూ నింపండి. తర్వాత వడ్డీ 9.5 శాతమై, ఖాళీ రెండు నెలలైతే ఏమవుతుందో మళ్లీ చేయండి. వచ్చే పాఠంలో పన్ను ఈ మూడో కాగితం మీదనే మొదలవుతుంది.