ఒంగోలు గిత్తకు నడక ఇలా కుదిరింది

ఉద్యోగానికి నా పని చూపించే వీడియో (షోరీల్) కోసం, బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఒంగోలు గిత్తను నడిపిస్తుంటే రెండు చిక్కులొచ్చాయి. గిట్టలు నేల మీద జారుతున్నాయి, ఒళ్లేమో చెక్కబొమ్మలా బిగుసుకుపోయి ఉంది.

చీమకుర్తి దగ్గర బాబాయి వాళ్ల గిత్తను పక్కనుంచి ఫోన్లో వీడియో తీశాను. కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాని బాబాయి, "కాళ్లు కాదురా, మూపురం చూడు" అన్నాడు. ముందుకాలు ఆనగానే మూపురం అదిరి పక్కకు ఒరుగుతోంది. గంగడోలు ఇంకాస్త ఆలస్యంగా ఊగుతోంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మూపురం కీలను (ఏ ఫ్రేములో ఏ భంగిమ ఉండాలో చెప్పే గుర్తులను) 2 ఫ్రేములు, గంగడోలు కీలను 5 ఫ్రేములు ఆలస్యం చేశాను. అప్పుడు కనిపించింది బరువు!

అడుగుల వరుస ఎడమ వెనకకాలు, ఎడమ ముందుకాలు, తర్వాత కుడివైపు అదే క్రమం. గిట్టల జారుడేమో, కదలికలను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్లో పోయింది: గిట్ట నేలకు ఆనినంతసేపూ దాని కర్వ్‌ను లీనియర్ (తిన్నని గీత) చేసి, అది వెనక్కి పోయే వేగాన్నే గిత్త మొత్తాన్నీ జరిపే రూట్ కంట్రోలర్‌కు ముందువైపు ఇచ్చాను.

యానిమేషన్ నేర్చుకునేటప్పుడు చేసే బంతి ఎగిరే ఎక్సర్‌సైజులు రీల్లోంచి తీసేశాను, అవి అందరి దగ్గరా ఉంటాయి. మొదటి షాట్ గిత్తదే. ఇంటర్వ్యూలో ఎలా చేశావని అడిగితే చూపించడానికి ఫోన్ వీడియో కూడా ఫోల్డర్లో పెట్టుకున్నాను.