20వ తేదీకే ఖాళీ అయ్యే ఖాతాను నేను సరిచేసుకున్న తీరు

విశాఖపట్నం గాజువాకలో అద్దె ఇంట్లో ఉంటూ నెల జీతం మీద ఆధారపడిన నాకు, 20వ తేదీ దాటేసరికి ఖాతాలో చిల్లర మాత్రమే మిగిలేది. పెద్ద ఖర్చులేవీ లేవు కదా అనుకుంటూనే, బ్యాంకు యాప్ నుంచి మూడు నెలల స్టేట్‌మెంట్ దించుకుని ఎక్సెల్‌లో వరుసగా పేర్చి చూశాను. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చరు, ఆటో, టీ అంటూ స్కాన్ చేసిన చిన్న మొత్తాలే నెలకు 6,000 రూపాయలు దాటాయి. పైగా ఏడాదిగా తెరిచి చూడని రెండు సేవలకు ఆటోపే (ఒకసారి అనుమతిస్తే ఖాతా నుంచి దానంతట అదే డబ్బు కోసుకునే ఏర్పాటు) ద్వారా డబ్బు పోతూనే ఉంది. యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలో ఆ రెండింటినీ వెంటనే రద్దు చేశాను.

తరువాత జీతం ఖాతాను యూపీఐ నుంచి తొలగించి, మరో ఖాతాకు వారానికి 2,000 పంపుకుని, రోజువారీ చెల్లింపులన్నీ దాని నుంచే జరిపాను. ఇది కొంత చిరాకు కలిగించే ఏర్పాటే గాని, నా విషయంలో అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

మిగిలినదానిలో 3,000 రికరింగ్ డిపాజిట్‌కు (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్), 2,000 ఇండెక్స్ ఫండ్ సిప్‌కు (మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే వాయిదా) కేటాయించాను. పంపిణీదారు కమిషన్ లేనందున ఖర్చు తక్కువగా ఉండే డైరెక్ట్ ప్లాన్‌ను ఎంచుకున్నాను. మార్కెట్ పడితే ఫండ్ విలువ కూడా పడుతుంది కాబట్టి, ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు బీమా ఉన్న డిపాజిట్‌లోనే అత్యవసర సొమ్ము ఉంచాను.

ఒక పొరపాటు మాత్రం చేశాను. సిప్‌కు 1వ తేదీ పెట్టగా, ఒక నెల జీతం 3న రావడంతో వాయిదా తిరిగిపోయి బ్యాంకు రుసుము పడింది. ఇప్పుడు దానిని 7వ తేదీకి మార్చుకున్నాను.