సింగపూర్‌లో అద్దె ఇంటికి సంతకం చేసే ముందు

ఉద్యోగం మీద సింగపూర్ వెళ్తున్నవారు అద్దె ఒప్పందంలో ‘డిప్లొమాటిక్ క్లాజ్’ ఉందో లేదో తప్పక చూసుకోండి. పేరు విని అది రాయబారులకు సంబంధించినదని వదిలేయకండి. ఉద్యోగం పోయినా, కంపెనీ మరో దేశానికి బదిలీ చేసినా గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేసే వీలు మనలాంటివారికి కల్పించేది అదే. రెండేళ్ల ఒప్పందంలో సాధారణంగా 12 నెలలు నిండాక, 2 నెలల ముందస్తు నోటీసుతో ఇది వర్తిస్తుంది. ఏడాది ఒప్పందంలో చాలాసార్లు ఉండదు, కాబట్టి అడిగి రాయించుకోవాలి. ఇంటి యజమాని ఎంత మంచివారైనా నోటిమాట సరిపోదు. వర్క్ పాస్ రద్దయితే ఆ దేశంలో ఉండడానికి మామూలుగా దొరికేది 30 రోజులే. పిల్లల బడి, సామాను, టికెట్ల హడావిడిలో మిగిలిన నెలల అద్దె కూడా మెడకు చుట్టుకుంటే తట్టుకోవడం కష్టం.

హెచ్‌డీబీ (అక్కడి ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ) ఫ్లాటును 6 నెలలకు తక్కువగా అద్దెకు ఇవ్వకూడదు. అంతకన్నా తక్కువకు ఇస్తామంటే దూరంగా ఉండండి.

సంతకమైన 14 రోజుల్లోపు స్టాంపు సుంకం కట్టాలి. నాలుగేళ్లలోపు ఒప్పందాలకు అది మొత్తం అద్దెలో 0.4 శాతం, సాధారణంగా అద్దెకున్నవారే కడతారు.

ఏసీ సర్వీసింగ్ మూడు నెలలకోసారి చేయించాలనే షరతు దాదాపు ప్రతి ఒప్పందంలోనూ కనిపిస్తుంది. ఆ రసీదులన్నీ దాచండి. తాళాలు అందుకున్న రోజే గోడలు, నేల, పరుపులు ఫోటోలు తీసి యజమానికి పంపండి. డిపాజిట్ తిరిగి అడిగే రోజున అవే మీ సాక్ష్యం.