మూడు నాలుగు తరాల కిందటి రైతు బతుకు, చావు: గుంటూరు రికార్డుల్లో వెతికే పద్ధతి

సామాన్య రైతు చరిత్ర ఎవరూ రాసిపెట్టరు. దహనం చేసే ఇళ్ళలో సమాధి కూడా మిగలదు. కానీ పొలం ఉంటే కాగితం ఉంటుంది. అందుకే పేరుతో కాకుండా సర్వే నంబరుతో మొదలుపెట్టండి. తాత పేరు మనవడికి పెట్టే ఊళ్ళలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకయ్యలు తేలతారు. నంబరు పట్టుకుంటే ఆ తికమక చాలావరకు తగ్గుతుంది.

ముందు ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే పత్రం), అడంగల్ (సర్వే నంబరు వారీ సాగు వివరాలు) చూడండి. రీసర్వే అయిన ఊళ్ళలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) అనే కొత్త నంబరు కనిపిస్తుంది. దానికి సరిపడే పాత సర్వే నంబరు తెలుసుకున్నాకే తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, బ్రిటిషు కాలపు భూమి శిస్తు పుస్తకం) నకలు అడగండి. పట్టాదారు పేరు, మెట్టా మాగాణా, తరం (నేల రకం), శిస్తు అందులో ఉంటాయి. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. తెనాలి, రేపల్లె వైపు ఒక చేను ఏ రికార్డులో మెట్టగా ఉంది, ఏ రికార్డులో మాగాణిగా మారింది అన్నది చూస్తే కాలవ నీళ్ళు ఆ ఇంటికి ఎప్పుడందాయో అంచనా దొరుకుతుంది.

తర్వాత సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి చేత్తో రాసిన ఇండెక్సులు. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తితో ఉంటుంది. పాత దస్తావేజుల్లో సర్వే నంబరు లేకుండా హద్దులే ఉండొచ్చు కాబట్టి రెండూ వెతికించండి. పేరును ఇంటిపేరు అక్షరం కింద, సొంత పేరు అక్షరం కింద, రెండు చోట్లా చూడాలి.

దస్తావేజు చేతికొస్తే మొత్తం చదవండి. నాలుగు హద్దుల్లో ఉన్న పేర్లు ఇరుగుపొరుగు రైతులవి. చివర చేవ్రాలుందా, నిశానీ (వేలిముద్ర) ఉందా అన్నది అతనికి చదువొచ్చో లేదో చెబుతుంది. ‘రూ. 12-8-0’ అంటే పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు. అప్పట్లో రూపాయికి పదహారణాలు. వరసగా తనఖాలు కనిపిస్తే, వాటి పక్కన ఆ ఏళ్ళ కరువులు, తుపాన్లు రాసుకోండి. రైతు బతుకు అక్కడే బాగా తెలుస్తుంది.

చావు తేదీకి రెండు కొసలు పట్టుకోవాలి. 1921లో తనఖా అతనే రాసిచ్చి, 1926 భాగపంపకాల దస్తావేజులో కొడుకులు మాత్రమే ఉంటే, చావు బహుశా ఆ మధ్యలోనే. తండ్రి బతికుండగానే పంచుకున్నారేమో చూసుకోండి. కొడుకుల వివరాల్లో తండ్రి పేరు ముందు ‘కీర్తిశేషులు’ అనో ‘లేటు’ అనో ఉంటే అనుమానం తీరుతుంది.

ఆ పైన ఆబ్దికం తిథి. ఇంట్లోవాళ్ళు ‘రక్తాక్షి, మాఘ బహుళ ద్వాదశి’ అన్నారనుకోండి. రక్తాక్షి 1924 ఉగాదికి మొదలవుతుంది, మాఘం మాత్రం 1925 ఫిబ్రవరిలో పడుతుంది. చాలామంది 1924 అని రాసేసి అక్కడే తప్పుతారు. పైగా ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది: బందరు ఉప్పెన వచ్చిన 1864 కూడా రక్తాక్షే. ఏది సరైనదో దస్తావేజులే తేల్చాలి.

నెల తెలిశాక జనన మరణాల రిజిస్టరు అడగండి. ఏడాది మొత్తం వెతకమంటే సిబ్బంది వెనకాడతారు, రెండు నెలలంటే చూస్తారు. మరణ కారణం ‘జ్వరం’ అని ఉంటే దాని మీద ఎక్కువ ఆధారపడొద్దు. మలేరియా, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా లాంటివి ఎన్నో ఆ ఒక్క మాటలోనే పడేవి. పుస్తకం దొరక్కపోతే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి. కరణాల వ్యవస్థ 1984లో రద్దయ్యాక ఊరి పుస్తకాలు చేతులు మారాయి కాబట్టి పాత కరణాల వారసుల ఇళ్ళలో కూడా అడగొచ్చు. లూథరన్ కుటుంబమైతే చర్చి బాప్తిస్మం, సమాధి రిజిస్టర్లు మరింత నమ్మకమైనవి.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. 1859 నుంచి 1904 దాకా గుంటూరు ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉంది, కాబట్టి ఆ కాలపు కలెక్టరేటు కాగితాలు బందరు పేరు మీద ఉంటాయి. 2022 తర్వాత రేపల్లె బాపట్ల జిల్లాలో, నరసరావుపేట పల్నాడులో చేరాయి. మద్రాసు ప్రభుత్వ ఫైళ్ళు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి.

ఇంతా చేశాక కూడా తండ్రి పేరు కుదరకపోతే దత్తత పత్రం కోసం వెతకండి, ఇంటిపేరు మారేది ఎక్కువగా అక్కడే. ఊరు కుదరకపోతే ఇల్లరికం అయ్యుండొచ్చు. అప్పుడు అత్తగారి ఊరి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో మామగారి పేరుతో మళ్ళీ మొదటి నుంచి చూడాలి.