తోట లెక్కలు ఎక్కడ దాచుకోవాలి

మా తోట మందస దగ్గర. కొబ్బరి, జీడి, గట్ల మీద నాలుగు పనసలు. నాన్న తోట దగ్గరే ఉంటారు, నేను ఉద్యోగం కొద్దీ శ్రీకాకుళంలో ఉంటాను. లెక్కలు రాసే పని నాది. ఏ గట్టున ఎన్ని చెట్లు, కాయ ఎప్పుడు దింపించాం, కూలి ఎంత, జీడిపిక్కలు 80 కిలోల బస్తా ఎంతకు పోయింది, అన్నీ రాస్తాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటేనాటికి ఆ లెక్కంతా నా ఫోన్లో, ఒక నోట్స్ యాప్‌లో ఉంది. నేను ఊరు చేరేసరికి దారి పొడుగునా కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. పడిన చెట్లు రాసుకోవడానికి మనుషులు వచ్చారు. నాన్న నా వైపు తిరిగి, "ఏటమ్మా, లెక్క ఫోన్లో ఉందన్నావు గదా, చెప్పు" అన్నారు. యాప్ తెరిచాను. తూర్పు గట్టు, నుయ్యి పక్క, జీడి కొత్తది... పేర్లన్నీ వరుసగా కనబడుతున్నాయి. నొక్కితే లోపల తెల్లగా ఉంది, మధ్యలో చిన్న గుండ్రం తిరుగుతోంది. ఎంతసేపు చూసినా అదే. నా ఫోన్లో ఉన్నవి నోట్సు పేర్లు మాత్రమే, అసలు రాత ఎక్కడో సర్వర్లో ఉండిపోయింది. నాన్నా నేనూ రెండు రోజులు చెట్ల మొదళ్లు తడుముకుంటూ తిరిగి మళ్లీ లెక్కపెట్టాం.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఏ నోట్స్ యాప్ మంచిదని అడిగితే, ముందు ఫైళ్లు ఎక్కడ ఉండాలో తేల్చుకోమంటాను. ఫైలు ఉండే చోటు ఒకటి, అది ఒక ఫోన్ నుంచి ఇంకో దానికి వెళ్లే దారి (దీన్నే సింక్ అంటారు) ఒకటి. ఈ రెండూ విడివిడిగా ఆలోచించాలి.

మీరు ఇప్పుడు వాడుతున్న యాప్‌ని ముందు పరీక్షించండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. నిన్న రాసిన నోట్ తెరిస్తే లాభం లేదు, అది ఎలాగూ ఫోన్ గుర్తుపెట్టుకుని ఉంటుంది. ఏడాది కింద రాసి, మళ్లీ ముట్టుకోని నోట్ తెరవండి. అందులో ఫోటో ఉంటే అది కూడా వస్తోందో లేదో చూడండి. రాకపోతే మీ నోట్సు మీ దగ్గర లేనట్టే.

యాప్‌లన్నీ ఒకేలా దాచవు. గూగుల్ కీప్‌లో చోటు ఎంచుకునే వీలే లేదు, అంతా గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది. అన్నీ ఒకేసారి బయటికి తెచ్చుకోవాలంటే గూగుల్ టేకౌట్‌లో (మన ఖాతాలోని డేటా కాపీ ఇచ్చే చోటు అది) అడగాలి. కిరాణా చీటీకి అది చాలు. జోప్లిన్ అనే నోట్స్ యాప్ మీ ఫోన్లోనే దాస్తుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. కానీ రాతంతా దాని డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి మామూలు ఫైళ్లలా ఫోల్డర్‌లోకి వెళ్లి చదవలేం, ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. దాని గొప్పతనం ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనివాళ్లకు అర్థం కాకుండా రాతను మార్చి దాచడం. అది ఆన్ చేస్తే నెట్‌లో ఫైళ్లు దాచే డ్రాప్‌బాక్స్‌లో పెట్టినా, వన్‌డ్రైవ్‌లో పెట్టినా అక్కడివాళ్లు చదవలేరు. ఆ పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, పోతే తెరిపించే దిక్కుండదు. అబ్సీడియన్ అనే ఇంకో యాప్ ఒక్కో నోట్‌నీ ఒక్కో మామూలు టెక్స్ట్ ఫైలుగా, మనం చూపించిన ఫోల్డర్‌లో పెడుతుంది. రేపు ఆ యాప్ లేకపోయినా ఏ ఎడిటర్‌లోనైనా ఆ ఫైలు తెరుచుకుంటుంది. తోట లెక్క ఇరవై ఏళ్ల తరవాత కూడా కావాలి, అందుకని నేను దీని వైపు మొగ్గాను.

అబ్సీడియన్ ఆండ్రాయిడ్ ఫోన్లో మొదటిసారి వాల్ట్ (అంటే నోట్సుండే ఫోల్డర్) తయారుచేసేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది, యాప్ స్టోరేజా, డివైస్ స్టోరేజా అని. ఇక్కడ తొందరపడి నొక్కకండి. యాప్ స్టోరేజ్ అంటే, యాప్ తీసేసిన రోజు నోట్సు కూడా దాంతోపాటే పోతాయి. ఫోన్ నిండిపోయిందని ఇంట్లో పిల్లలు యాప్‌లు తీసేస్తుంటారు, అలాంటప్పుడే పోతాయి. డివైస్ స్టోరేజ్ ఎంచుకుంటే యాప్ పోయినా ఫోల్డర్ ఉంటుంది, వేరే సింక్ యాప్ కూడా దాన్ని చూడగలుగుతుంది.

చోటు చాలదేమో అని టెన్షన్ పడక్కర్లేదు. తెలుగు రాతలో గుర్తు ఒక్కొక్కటి (అక్షరం ఒకటి, దాని గుణింతం ఇంకొకటి) మూడు బైట్లు తీసుకుంటుంది. రెండు వేల గుర్తులున్న పేజీ ఆరు కిలోబైట్లు, అలాంటివి వెయ్యి పేజీలు రాసినా ఆరు ఎంబీ. చోటు తినేవి ఫోటోలు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ మూడూ కలిసే ఉంటాయి. డ్రాప్‌బాక్స్ ఉచితంగా ఇచ్చేది 2 జీబీ, వన్‌డ్రైవ్ 5 జీబీ. రశీదుల ఫోటోలకు వేరే ఫోల్డర్ పెట్టుకుంటే నోట్సు తేలిగ్గా ఉంటాయి.

ఇక సింక్ దారి. లాప్‌టాప్‌లో గూగుల్ డ్రైవ్ పెట్టుకుంటే అందులో స్ట్రీమ్, మిర్రర్ అని రెండు పద్ధతులుంటాయి. స్ట్రీమ్‌లో ఫైలు పేరు కనబడుతుంది, తెరిచినప్పుడు నెట్ నుంచి వస్తుంది. తిత్లీ రోజు నాకు జరిగింది సరిగ్గా ఇదే. మిర్రర్ పెట్టండి, కాపీ మీ దగ్గరుంటుంది. వన్‌డ్రైవ్‌లో ఐతే ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచు అనే అర్థం వచ్చే ఆప్షన్ నొక్కాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ డ్రైవ్ యాప్ తనంతట తాను ఫోల్డర్‌ని సింక్ చేయదు, దానికి ఆటోసింక్ లాంటి మరో యాప్ కావాలి.

నేను మాత్రం సింక్‌థింగ్ అనే సింక్ యాప్ వాడుతున్నాను. మధ్యలో కంపెనీ సర్వర్‌లో నోట్సు దాచడం ఉండదు, నా ఫోన్ నుంచి నేరుగా నా లాప్‌టాప్‌కి వెళ్తాయి. రెండూ ఒకే రౌటర్ మీద ఉంటే బయట నెట్ పోయినా పని జరుగుతుంది. ఇన్వర్టర్ మీద రౌటర్ వెలుగుతుంటే చాలు. ఆండ్రాయిడ్‌లో దాని అసలు యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది, ఇప్పుడు సింక్‌థింగ్-ఫోర్క్ వేసుకోవాలి. ఇబ్బంది ఒకటుంది, రెండు వైపులా పరికరాలు ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసేయకపోతే ఫోన్ దాన్ని నిద్రపుచ్చేస్తుంది.

నాన్న ఫోన్లో ఆ ఫోల్డర్‌ని రిసీవ్ ఓన్లీ అని పెట్టాను. ఆయనకు అన్నీ వస్తాయి, పొరపాటున ఏదైనా చెరిగినా అది నా దాకా రాదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లకు నేను ఇదే చెబుతాను. విజయనగరంలో ఉన్న మా చెల్లెలిది ఐఫోన్, సింక్‌థింగ్ వాళ్లు ఐఫోన్‌కి సొంతంగా యాప్ ఇవ్వలేదు. తన సొంత నోట్సు ఐక్లౌడ్‌లో పెట్టుకుంది. ఒకే ఫోల్డర్‌కి ఐక్లౌడ్, ఇంకో సింక్ రెండూ తగిలించొద్దని గట్టిగా చెప్పాను, రెండూ పోట్లాడుకుంటే ఫైళ్లు రెండేసి అవుతాయి.

ఒకే నోట్‌ని ఫోన్లోనూ లాప్‌టాప్‌లోనూ సింక్ అయ్యేలోపు మారిస్తే, సింక్‌థింగ్ ఒకదాన్ని పేరులో సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని, తేదీ, టైముతో పక్కన పెడుతుంది. దాన్ని చెత్త అనుకుని చెరిపేయకండి, రెండూ తెరిచి కలుపుకోండి. నేను "తోట" అని ఒకే పెద్ద ఫైలు రాసేదాన్ని, వారానికోసారి ఈ గొడవ వచ్చేది. ఇప్పుడు కాయ దింపించిన ప్రతి రోజుకీ "2025-03-14 కొబ్బరి" అన్నట్టు వేరే ఫైలు. గొడవ దాదాపు పోయింది.

సింక్ ఉంది కదా అని బ్యాకప్ మానేయొద్దు. ఫోన్లో చెరిపితే లాప్‌టాప్‌లోనూ చెరిగిపోతుంది. లాప్‌టాప్ వైపు సింక్‌థింగ్‌లో ఫైల్ వెర్షనింగ్ ఆన్ చేస్తే, ఫోన్ నుంచి చెరిగినవి కొన్నాళ్లు పక్కన దాస్తుంది. గూగుల్ డ్రైవ్ ఐతే ట్రాష్‌లో 30 రోజులుంచుతుంది. ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు మాత్రం ఎన్‌క్రిప్షన్ లేని ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకండి.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఊరెళ్లినప్పుడు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పట్టాదారు పాస్‌బుక్ ఉన్న రేకుపెట్టెలో పెడతాను. అక్టోబరు వచ్చే ముందు ఒకసారి ఆ పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కి పెట్టి, తూర్పు గట్టు ఫైలు తెరిచి నాన్నకు చదివి వినిపిస్తాను. చెట్ల లెక్క సరిపోయిందో లేదో ఆయన తోటలోకి వెళ్లి చూసుకుని వస్తారు.